ప్రాణహితలో జెట్ బోటు: నీటి లోతు, రేకు మందం, మనిషి బరువు

ఏప్రిల్ చివర మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ రేవులో నిలబడి ప్రాణహితను చూస్తే ఒకే గట్ల మధ్య రెండు నదులు కనిపిస్తాయి. ఒకటి ఇసుక నది. అది ఈ గట్టు నుంచి అవతల అర్జునగుట్ట వైపు గట్టు దాకా పరచుకుని ఉంటుంది. రెండోది నీటి నది. అది ఆ ఇసుకలో వీలైన చోట పాయలుగా చీలి, కలిసి, మళ్ళీ చీలి పారుతుంది. గేదెలు మోకాలి లోతులో నడిచి దాటే చోట పడవ నడిపే మనిషి తెడ్డు పక్కన పెట్టి వెదురు గడ అందుకుంటాడు. జానెడు దిగగానే గడ నేల తాకుతుంది. ఇంకో పది బారలు పోయాక ఆయన కూడా నీళ్ళలోకి దిగి పడవను భుజంతో నెడతాడు.

చేపలు ఆ జానెడు నీటిలో ఉండవు. ఎండాకాలంలో వాలుగ, బొచ్చె, జెల్ల మడుగుల్లోకి చేరతాయి. ఒక మడుగుకు, ఇంకో మడుగుకు మధ్య చాలా దూరం పల్చటి నీరే. అందువల్ల ఇక్కడ వేట అంటే సగం వల వేయడం, సగం పడవను ఈడ్చడం.

ఇలాంటి నదులే ఉన్న వేరే దేశాల్లో ఈ ఈడ్పుకు దొరికిన జవాబు అల్యూమినియం జెట్ బోటు, అంటే ప్రొపెల్లర్ బదులు పంపుతో నీటిని వెనక్కి చిమ్మి నడిచే పడవ. రాళ్ళు తేలిన వాగులో బోటు నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోయే వీడియోలు సిరోంచ చుట్టుపక్కల అంకీస, అసరెల్లి కుర్రవాళ్ళ ఫోన్లలోకీ వచ్చాయి. అది ఇక్కడ పనిచేస్తుందా అన్న ప్రశ్న సహజం. సగం పనిచేస్తుంది. ఆ సగం ఇంజనులో లేదు, పడవ అడుగున ఉన్న రేకులో ఉంది. చాలామంది కొనుగోలుదారులు డబ్బు పోసేది మాత్రం రెండో సగమైన ఇంజను మీద.

ఈ నదికీ పడవకూ పొత్తు కుదర్చాలని చూడటం కొత్త కాదు. విదర్భ పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలన్న ఆశతో 19వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం ఎగువ గోదావరి పనులు చేపట్టింది. ఆ ఆలోచనను గట్టిగా ముందుకు తోసినవాడు ఆర్థర్ కాటన్. దారిలో మూడు పెద్ద రాతి అడ్డంకులు ఎదురయ్యాయి. గోదావరి మీద దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. రాళ్ళను పగలగొట్టి, ఆనకట్టలు, లాకులు, పక్క కాలువలు కట్టి దాటాలనుకున్నారు. సిరోంచ అప్పట్లో ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. ఖర్చు పెరిగింది, ఫలితం కనిపించలేదు, 1871లో పనులు ఆపేశారు. నదిని పడవకు తగినట్టు దిద్దే ప్రయత్నం అలా ముగిసింది.

పడవను నదికి తగినట్టు దిద్దిన మనిషి ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు న్యూజిలాండ్‌లో తేలాడు. బిల్ హామిల్టన్ గొర్రెల క్షేత్రం యజమాని, సొంతంగా యంత్రాలు తయారు చేసుకునే అలవాటున్నవాడు. మంచుకొండల నుంచి దిగే గులకరాళ్ళ నదులు ఆయన భూమి పక్కనే పారేవి. వాటిలో ప్రొపెల్లర్ ఒక్క రోజు కూడా నిలిచేది కాదు. నీటిని పీల్చి వెనక్కి చిమ్మి పడవను తోసే పంపులు అప్పటికే ఉన్నాయి. వాటిని ఆయన కనిపెట్టలేదు. 1950ల తొలి సంవత్సరాల్లో ఆయన చేసిన మార్పు ఒక్కటే: నీళ్ళు చిమ్మే మూతిని నీటి కింద నుంచి తీసి నీటి మట్టానికి పైన పెట్టాడు. దాంతో పడవ అడుగు కంటే కిందికి వేలాడే ముక్క ఏదీ మిగల్లేదు, వేగమూ పెరిగింది. 1960లో ఆయన బోట్లు అమెరికాలో కొలరాడో నది గ్రాండ్ కాన్యన్‌ను ఎదురెక్కాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం మూడు జెట్ బోట్లలో గంగాసాగర్ నుంచి గంగను ఎదురెక్కుతూ హిమాలయాల్లో నందప్రయాగ దాకా వెళ్ళింది. అక్కడ ఒక జలపాతం దారి ఆపింది. మన దేశపు నదిలో ఈ పడవ ఏమి చేయగలదో, ఎక్కడ ఆగుతుందో ఆ ఒక్క ప్రయాణం చూపింది.

జెట్ అంటే ఏమిటో తెలుగు రైతుకు చెప్పడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. బావి మీది మోటారు పంపును పడవ వెనక బిగించి, డెలివరీ పైపును వెనక్కి తిప్పినట్టు ఊహించుకుంటే చాలు. అడుగున ఒక జాలీ. దాని గుండా నీరు లోపలికి వస్తుంది. ఇంపెల్లర్ అనే తిరిగే రెక్కల చక్రం ఆ నీటిని తోస్తుంది. సన్నని మూతి గుండా అది జోరుగా వెనక్కి పోతుంది. మూతిని ఎడమకూ కుడికీ తిప్పితే పడవ తిరుగుతుంది. మూతి ముందుకు ఒక తట్ట లాంటి రేకు దించితే నీరు ముందుకు మళ్ళి పడవ వెనక్కి నడుస్తుంది. పొలంలో పంపుకు వచ్చే జబ్బులన్నీ దీనికీ వస్తాయి. జాలీకి నాచు పడితే నీరు అందదు. కొంచెం గాలి లాగినా ఇంజను అరుస్తుంది తప్ప పడవ కదలదు.

తేడా ఒక్కటి ఉంది, అది ప్రమాదకరమైనది. జెట్ బోటుకు వేరే చుక్కాని ఉండదు. మూతి నుంచి నీరు చిమ్ముతున్నంతసేపే అది తిరుగుతుంది. ఎదురుగా బండ కనిపించగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే పడవ వేగం తగ్గేలోపే తిరిగే శక్తి పోతుంది, సరిగ్గా ఆ బండ మీదికే వెళుతుంది. మోటారు సైకిలు నడిపిన అలవాటు ఇక్కడ శత్రువు. ఈ పడవ కొనేవాళ్ళు మొదట నేర్చుకోవలసింది ఆపడం కాదు, యాక్సిలరేటర్ వదలకుండా తప్పించుకోవడం. నడిపేవాడు పడిపోతే ఇంజను ఆపే తాడును అతని మణికట్టుకు కట్టడం రెండోది. బండకు గుద్దుకుని పడవ ఆగినా మనుషులు ఆగరు.

ఈ సౌకర్యానికి వెల ఉంది. పడవ వెనక బయట తగిలించే మామూలు ఔట్‌బోర్డ్ మోటారు కింది భాగం తీసేసి జెట్ పంపు బిగిస్తే దాదాపు 30 శాతం శక్తి పోతుంది. అందుకే అమెరికాలో ఆ మోటార్లను 40/30, 60/40 అని రెండు అంకెలతో పిలుస్తారు: ఇంజను దగ్గర అంత, పంపు దగ్గర ఇంత. కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. ఎక్కువ నీటిని నెమ్మదిగా తోస్తే తక్కువ ఇంధనంతో ఎక్కువ తోపు వస్తుంది. ప్రొపెల్లర్ చేసేది అదే. తక్కువ నీటిని జోరుగా చిమ్మే పంపు, పడవ కూడా జోరుగా పోతున్నప్పుడే పొదుపుగా ఉంటుంది. వల తీస్తూ, గాలం వేస్తూ నిదానంగా కదిలే వేటలో అది పెట్రోలు తాగే యంత్రం. 40 గుర్రాల (హార్స్‌పవర్) మోటారును పూర్తిగా తెరిచి నడిపితే గంటకు సుమారు 15 లీటర్లు పోతాయి. ఒక పూట పట్టిన జెల్లల ధర ఆ లెక్క పక్కన పెట్టి చూసుకోవాలి.

ఇక అసలు విషయం లోతు. జెట్ బోటు ఎంత లోతులో పోతుంది అని అడిగితే అమ్మేవాళ్ళు ఒక అంకె చెబుతారు. నిజానికి అంకెలు మూడు. పడవ ఆగి తేలుతున్నప్పుడు ఒకటి, కదిలి లేచేటప్పుడు ఒకటి, లేచాక ఒకటి. పిల్లలు చెరువులో పెంకు విసిరితే అది నీటిలో మునగకుండా నీటి మీద గెంతుతూ పోతుంది. చదునైన అడుగున్న పడవ కూడా తగినంత వేగం అందుకోగానే నీటిని తోసుకుంటూ పోవడం మాని నీటి మీదికి లేచి జారుతుంది. అప్పుడు దానికి బెత్తెడు నీరు చాలు. వీడియోల్లో కనిపించేది ఆ మూడో అంకె. ఆ స్థితికి చేరేముందు మాత్రం ముక్కు ఆకాశం వైపు లేచి, వెనక భాగం నీటిలోకి కూరుకుపోయే కొన్ని క్షణాలుంటాయి. అప్పుడు అడుగో, అడుగున్నరో నీరు కావాలి. బెత్తెడు నీటిలో ఆగిపోయిన జెట్ బోటు మళ్ళీ తనంత తాను లేవలేదు. దిగి తోయాలి. అంటే మళ్ళీ గడ, మళ్ళీ భుజం.

కాబట్టి ఈ పడవ యజమాని నదిని కొత్తగా చదవాలి. ఎక్కడ పోవచ్చు అన్నది ఒక ప్రశ్న, ఎక్కడ ఆగవచ్చు అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మడుగులో ఆగాలి, మడుగులోనే లేవాలి, మధ్యలో పల్చటి నీటిని ఆగకుండా దాటాలి. నీటి మీద నున్నగా జారే నాలుక లాంటి ధార దిగువకు సన్నబడుతూ పోతే అక్కడ లోతు ఉన్నట్టు. దాని మొన ఎగువకు చూస్తూ రెండు పక్కలా నురగ చీలితే కింద రాయి ఉన్నట్టు. ఇసుక మీద పారే నీరు సన్నటి ముడతలు పడుతుంది. వంపు తిరిగే చోట బయటి గట్టు వైపు లోతు, లోపలి వైపు మేట. ఇవన్నీ నదిమీద పుట్టి పెరిగిన బెస్తవారికి కొత్త సంగతులు కావు. గడతో నడిచేవాడికి ఇవి నిదానంగా ఎదురవుతాయి, జెట్ బోటులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో మీద పడతాయి. తేడా అంతే.

ఇప్పుడు బరువు. 16 అడుగుల పొడవు, అడుగున సుమారు 1.4 మీటర్ల వెడల్పున్న చదును పడవను తీసుకుందాం. అది నీటిని తాకే విస్తీర్ణం దాదాపు 6 చదరపు మీటర్లు. అంటే 60 కిలోల బరువు ఎక్కిన ప్రతిసారీ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. పడవ, మోటారు, పెట్రోలు, ఇద్దరు మనుషులు, వలలు కలిపి 600 కిలోలైతే 10 సెంటీమీటర్లు. ఇంకో మనిషి ఎక్కితే ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది. అది ఆగి ఉన్నప్పటి లెక్క. లేచేటప్పుడు ఆ బరువు మరింత శక్తి అడుగుతుంది, ఎక్కువసేపు కూరుకుపోనిస్తుంది, లేచాక నిలబడటానికి ఎక్కువ వేగం కోరుతుంది. ఇద్దరితో చులాగ్గా లేచిన పడవ నలుగురితో ముక్కు పైకెత్తి మూలుగుతూ మేట ఎక్కుతుంది. 30 శాతం శక్తి పంపుకు ముందే సమర్పించుకున్న మోటారుకు మిగిలిన ప్రతి కిలో లెక్కే.

అందుకే రేకు. తెలంగాణ వైపు ఇళ్ళల్లో అల్యూమినియం గిన్నెను సత్తు గిన్నె అంటారు. కోస్తాలో సీవెండి అనేవారు. వంటింట్లో అది చవక సరుకు. పడవకు వచ్చేసరికి ఇనుములో దాదాపు మూడో వంతు బరువుండి, దెబ్బ తగిలితే పగలకుండా సొట్టపడే గుణమే దాన్ని నిలబెడుతుంది. ఫైబర్ పడవ బండకు రాసుకుంటే పైపూత చిట్లి, లోపలి పొరల్లోకి నీరు చేరి, కనిపించకుండా బరువెక్కుతుంది. అల్యూమినియం సొట్టను సుత్తితో సరిచేసుకోవచ్చు. చెక్క దోనె ఈ విషయంలో ఫైబర్ కంటే మేలే, కానీ మంచి దుంగ దొరకడం లేదు, దొరికినా కొట్టే హక్కు లేదు.

అల్యూమినియం అంతా ఒకటి కాదు. గిన్నెల రేకుతో పడవ కట్టకూడదు. పడవలకు వాడేది మెగ్నీషియం కలిసిన 5000 వరుస మిశ్రమం. తేలికగా వంచడానికి 5052, గట్టి వెల్డింగు పడవలకు 5083, 5086. చట్రాలకు వాడే 6061 పట్టీలు బలంగానే ఉంటాయి, కానీ వెల్డింగు వేడి తగిలిన చోట చాలా బలం పోగొట్టుకుంటాయి. అతుకుల విషయంలోనూ తేడా ఉంది. రివెట్లు కొట్టిన పడవ తేలిక, చవక. రాళ్ళ మీద నాలుగేళ్ళు ఎగిరి పడ్డాక ఒక్కొక్క రివెట్టు దగ్గరా చెమ్మ ఊరడం మొదలవుతుంది. రాళ్ళున్న నదికి వెల్డింగు పడవే సరి.

ఆ వెల్డింగు మన ఊరి ఇనుప గేట్ల షాపులో అయ్యే పని కాదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని పైన పట్టే సన్నటి ఆక్సైడు పొర 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. పై పొర చెక్కు చెదరకుండా ఉండగానే లోపలి లోహం కారిపోతుందన్నమాట. అందుకే వెల్డింగుకు ముందు స్టీలు బ్రష్షుతో రుద్ది శుభ్రం చేయాలి. ఆ బ్రష్షు ఇనుముకు వాడినది అయి ఉండకూడదు. ఆర్గాన్ వాయువు కింద పని చేయడం తెలిసిన చేయి కావాలి. మంచి అతుకు వరుసగా పేర్చిన నాణేల్లా కనిపిస్తుంది. నల్లటి మసి, సూది బెజ్జాలు కనిపిస్తే ఆ పడవ మొదటి వేసవిలోనే చెబుతుంది. అలాంటి పనివాళ్ళ కోసం సిరోంచ నుంచి మంచిర్యాల, చంద్రపూర్ లాంటి పారిశ్రామిక పట్టణాల దాకా వెళ్ళవలసి రావచ్చు. ఆ ఖర్చు పడవ ఖర్చులో భాగమే.

మందం ఎంత ఉండాలి? ఇక్కడ లెక్క ఆసక్తికరంగా ఉంటుంది. మన 16 అడుగుల పడవ అడుగుకు 3.2 మిల్లీమీటర్ల రేకు వేస్తే ఆ రేకు బరువు 60 కిలోలు. 4.8 మిల్లీమీటర్లు వేస్తే 90. అంటే సగం మందం ఎక్కువ కావడానికి ఇచ్చే వెల 30 కిలోలు, నీటిలో అర సెంటీమీటరు. పక్కలకు పల్చటి రేకు చాలు. కింది రేకు మాత్రం మందంగా ఉండాలి. ఈ 30 కిలోలు పడవ జీవితమంతా రాళ్ళ దెబ్బకు అడ్డుగా నిలబడతాయి. మెత్తని సీట్ల మీద పెట్టే 30 కిలోలు ఏమీ చేయవు.

రాళ్ళ నదుల యజమానులు రేకు కింద ఇంకో తొడుగు వేస్తారు. తెల్లగా, మైనంలా జారే గట్టి ప్లాస్టిక్ పలక, చాలా బరువైన అణువులున్న పాలిథీన్ రకం. బండ మీద అల్యూమినియం గీరుకుని పట్టేస్తుంది, ఈ పలక జారిపోతుంది. దీనికి రెండు చిక్కులు. 12 మిల్లీమీటర్ల పలకను అడుగంతా పరిస్తే దాదాపు 80 కిలోలు, అంటే ఒక మనిషి. రెండోది వేడి. ఈ ప్లాస్టిక్ అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. 4 మీటర్ల పలక జనవరి తెల్లవారుజాముకు, మే మధ్యాహ్నానికి మధ్య సుమారు 2 సెంటీమీటర్లు పొడవు మారుతుంది. బోల్టులను గుండ్రటి బెజ్జాల్లో బిగిస్తే పలక అలలుగా ఉబ్బుతుంది, లేదా బోల్టు తలలు తెగుతాయి. బెజ్జాలు కోలగా ఉండాలి. గడ్చిరోలి ఎండలో ఇది పుస్తకాల జాగ్రత్త కాదు. ముక్కు నుంచి మధ్య దాకా మాత్రమే, 6 మిల్లీమీటర్ల పలక వేసుకోవడం ఇక్కడికి సరిపోయే రాజీ.

అసలు ప్రాణహిత గులకరాళ్ళ నది కాదన్న సంగతి దగ్గరే జెట్ కల చెదురుతుంది. హామిల్టన్ నదుల్లో అడుగున గుండ్రటి రాళ్ళు, పైన చల్లని తేట నీరు. అమెరికాలో ఈ పడవలు ఎక్కువగా తిరిగే మిస్సోరి ఓజార్క్ వాగులు, ఇడాహో స్నేక్ నది, అలాస్కా నదులు కూడా చాలావరకు గులకరాళ్ళవే. పెద్ద రాయి జాలీ దాటి రాదు. చిన్నది వస్తే ఇంపెల్లర్ అంచుకు నొక్కు పడుతుంది, ఆకురాయితో సాన పడితే సరి. ప్రాణహిత అలా కాదు. వార్ధా, వైన్‌గంగ కలిసి పుట్టిన ఈ నది గోదావరి పరీవాహకంలో మూడో వంతు, అంటే దాదాపు 1,09,000 చదరపు కిలోమీటర్ల నీటిని, ఆ నేలల ఇసుకను మోసుకొస్తుంది. బెత్తెడు నీటిలో పంపు పీల్చేది సగం నీరు, సగం ఇసుక.

పంపు విప్పి చూస్తే ఆ ఇసుక చేసిన పని తెలుస్తుంది. ఇంపెల్లర్ రెక్కల అంచుకు, దాన్ని చుట్టుకున్న గొట్టం గోడకు మధ్య ఉండవలసిన సందు 0.8 మిల్లీమీటరు. కొత్తదానిలో అది అంతే ఉంటుంది. ఇసుకలో నడిచిన పంపులో గోడ మీద వలయాలుగా గీతలు పడి ఉంటాయి, రెక్కల అంచులు గుండ్రబడి మెరుస్తుంటాయి, సందు బాగా పెరిగి ఉంటుంది. ఆ సందు గుండా నీరు వెనక్కి జారిపోతుంది. ఇంజను అంతే తిరుగుతుంది, పడవ లేవదు. యజమాని ఇంజను పాడైందనుకుంటాడు. సందు తగ్గించడానికి ఇంపెల్లర్ వెనక వాషర్లు ఒకటొకటిగా మార్చే వీలుంది, గొట్టం లోపలి తొడుగునూ మార్చవచ్చు. విడిభాగాలు చేతిలో ఉంటేనే ఆ వీలు. మన తీరప్రాంత దుకాణాల్లో దొరికే ఔట్‌బోర్డులు చాలావరకు ప్రొపెల్లర్ మోటార్లే. కాబట్టి జెట్ కొనేవాళ్ళు పంపుతో పాటే ఒక తొడుగు, ఒక ఇంపెల్లర్, బేరింగు సీళ్ళు కొని ఇంట్లో పెట్టుకోవాలి. రోజూ వేట అయ్యాక బేరింగుకు గ్రీజు ఎక్కించాలి. పాత గ్రీజుతో పాటు లోపల చేరిన నీరు బయటికి వచ్చే దాకా ఎక్కించాలి.

ఇక పడవను మార్చుకోవడం. దీన్ని చాలామంది చేర్చడం అనుకుంటారు. చేపలు బతికి ఉండే తొట్టి, రెండు బ్యాటరీలు, తిరిగే సీట్లు, నీడకు పందిరి, లైట్లు, కార్పెట్. లోతు తక్కువ నదిలో మార్చుకోవడమంటే తీసేయడం. తొట్టినే చూడండి. 80 లీటర్ల నీరు 80 కిలోలు. లోతు కోసం లక్షలు పెట్టి పంపు కొని, అదే పడవలో నది నీటిని నింపి మోయడం విచిత్రం. మంచు పెట్టె చాలు. సీసం బ్యాటరీ బరువులో సగం కూడా ఉండదు లిథియం బ్యాటరీ. డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే ఇక్కడ పెట్టవచ్చు. కార్పెట్ మాత్రం వద్దేవద్దు. తడిని పట్టి ఉంచి కింది రేకును తినేస్తుంది. అలాగని ఉత్త రేకు మీద నిలబడలేం. మే నెలలో అది పెనమవుతుంది, గడ తగిలినా టప్పున మోగి మడుగులో చేపను బెదరగొడుతుంది. పల్చటి రబ్బరు నురగ చాప పరిచి, పైకి లేత రంగు వేయడం మంచిది. నేలకు చెక్క పలకలు వేసేవాళ్ళు రాగి మందులో నానబెట్టిన చెక్క జోలికి పోకూడదు. తడిలో రాగి అల్యూమినియాన్ని తింటుంది. రేకు మీద ఇత్తడి మేకులు, రాగి తీగలు పడనీయకూడదన్నదీ ఇందుకే.

చిన్నదే అయినా చాలామంది చేసే తప్పు ఒకటుంది. చేపలను చూపించే సోనార్ పరికరం కన్నును పంపు జాలీకి నేరుగా ముందు బిగిస్తారు. అక్కడ చీలిన నీటిలో బుడగలు పుట్టి జాలీలోకి పోతాయి, పంపు గాలి లాగుతుంది. అడుగున పొడవుగా ఉండే పట్టీలు కూడా జాలీకి ముందే ఆగిపోవాలి. పంపు ఎత్తు ఇంకా సున్నితం. కొంచెం పైకి బిగిస్తే గాలి, కిందికి బిగిస్తే రాయి. పడవ వెనక భాగంలో అడుగును సొరంగంలా పైకి వంచి పంపును అందులోకి ఎత్తుకునే పద్ధతి ఉంది. అది కొన్ని అంగుళాల లోతు ఆదా చేస్తుంది. ఆ వంపు తీయడం కొలతతో కూడిన పని. దానిలో తొందరపడితే జీవితాంతం గాలి లాగే పడవ మిగులుతుంది.

చేర్చవలసినవి లేవా అంటే ఉన్నాయి. పడవ నీటితో నిండినా మునగకుండా సీట్ల కింద నీరు పీల్చని నురగ. లైఫ్ జాకెట్లు. జాలీలో చిక్కిన పీచును లోపల నుంచే తీసే మూత. లంగరు తాడును ముక్కుకే కట్టే కొక్కెం, ఎందుకంటే వెనక కడితే ప్రవాహం పడవ వెనక గోడ దాటి లోపలికి దూకుతుంది. వీటన్నిటికంటే ముందు ఒక వెదురు గడ. ఏ దేశపు పడవ కంపెనీ జాబితాలోనూ ఇంత పనికొచ్చే సామాను లేదు.

వలల సంగతి వేరే. ఈ నదిలో జెట్ బోటు ఒంటరిగా తిరగదు. సాయంత్రం పరిచిన నైలాను వలలు పాయ అడ్డంగా తేలుతుంటాయి. ప్రొపెల్లరుకు వల చుట్టుకుంటే బయట నుంచి కోయవచ్చు. పంపు వలను లోపలికి మింగి ఇరుసుకు పేనుతుంది. పంపు విప్పితే గాని రాదు. పోయిన వల ఎవరిదో ఒక కుటుంబం నెల సంపాదన. చప్పుడు, అలలు కూడా పక్క పడవలవాళ్ళ మడుగును చెడగొడతాయి. వేగమున్నవాడికి దారి ఎక్కువ, మర్యాద తక్కువ అనే పేరు రావడానికి ఒక్క సీజను చాలు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన దేశీయ నౌకల చట్టం, 2021 ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రాణహిత సరిహద్దు నది. ఒక గట్టు మహారాష్ట్ర, రెండో గట్టు తెలంగాణ. మంచిర్యాల వైపు ప్రాణహిత అభయారణ్యం, ఎగువన గడ్చిరోలి వైపు చప్రాల అభయారణ్యం ఉన్నాయి. వాటి హద్దుల్లో 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. వేట హక్కు ఎవరిదో రెండు గట్ల మీదా విచారించకుండా మోటారు దించకూడదు.

నీరు కూడా మనిషి చేతిలోకి వెళ్ళింది. 2019లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక సిరోంచ దగ్గర నీరు వెనక్కి తన్ని కొన్నాళ్ళు లోతుగా నిలిచింది. పొలాలు మునిగి రైతులు ఆందోళన చేశారు. 2023 అక్టోబరులో పియర్లు కుంగాక నీటిని వదిలేశారు, ఇసుక మళ్ళీ బయటపడింది. బ్యారేజీ నిండి ఉన్న ఏడాది జెట్‌కు పనే లేదు, మామూలు ప్రొపెల్లర్ చాలు. ఖాళీ అయిన ఏడాది మే నెలలో కొన్ని చోట్ల జెట్ కూడా చాలదు. ఆ నిర్ణయాలు పడవ యజమానిని అడిగి తీసుకోరు.

ఇన్నిటినీ కలిపి చూస్తే ఈ ప్రాంతపు చేపల వేటకు మొదట కావలసింది మందమైన అడుగున్న తేలికపాటి అల్యూమినియం పడవ. దాని వెనక జెట్ కాకుండా పొడవాటి ఇరుసు చివర చిన్న ప్రొపెల్లర్ ఉండే తోక మోటారు పెట్టుకోవచ్చు. రాయి తగిలితే ఇరుసును చేత్తో పైకెత్తవచ్చు, ఇసుకలో దాని ప్రొపెల్లర్ అరిగినా మార్చడం చవక, ఊరి మెకానిక్కుకు ఆ ఇంజను తెలుసు. 10 గుర్రాల లోపు ఇంజను గంటకు 4 లీటర్లలోపే తాగుతుంది. నెమ్మదిగా పోతుంది, నిజమే. వలలు కూడా నెమ్మదిగానే తీస్తారు. జెట్ సార్థకమయ్యేది దూరం ఎక్కువ, సమయం తక్కువ, బరువు తక్కువ ఉన్న పనులకు: వరదలో మనుషులను దాటించడానికి, దూరపు మడుగులకు ఒకరిద్దరు గాలం వేటగాళ్ళను తీసుకెళ్ళడానికి.

అయినా జెట్టే కావాలనుకునేవాళ్ళు ముందు ఒక వేసవి గడతో కొలవడం మేలు. గడకు 10, 25, 40 సెంటీమీటర్ల దగ్గర మూడు రంగు గుర్తులు వేసి, తాము వేటాడే దారి పొడవునా మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, మేలో ఒకసారి దింపి చూడాలి. దారిలో ఎక్కువ భాగం 40 దాటితే ప్రొపెల్లర్ చాలు. ఎక్కువ భాగం 10 లోపే ఉంటే ఏ మోటారునూ నమ్మలేం, భుజమే దిక్కు. 10కి, 25కి మధ్య ఎక్కువ దూరం ఉండి, ప్రతి కిలోమీటరుకూ ఆగి మళ్ళీ లేవడానికి 40 దాటిన మడుగు ఒకటి దొరికితే, అప్పుడు పంపు ధర అడగవచ్చు. వర్షాకాలం వరద పాయలను మార్చేస్తుంది కాబట్టి మరుసటి ఏడాది ఆ గడను మళ్ళీ బయటికి తీయాలి.